ముప్పై ఏడున్నర అంగుళాల గొంతు

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఏ మైకు కొనాలని. దానికి జవాబు దుకాణం వాళ్లే చెబుతారు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఎక్కడ తప్పు చేశానో, ఆ తప్పు ఎవరి మీద పడిందో, ఎంతవరకు దిద్దగలిగానో చెప్పగలను. ఏ రోజు ఏ ఊళ్లో ఏం రికార్డు చేశానో, ఎన్ని అడుగుల టేపు ఖర్చయిందో నోటు పుస్తకాల్లో రాసి ఉంచుకున్నాను. అలాంటివి పదకొండు ఉన్నాయి. మొదటిది 1966 నుంచి 1969 దాకా. ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క పుస్తకంలోదే.

వినడం

విజయనగరంలో మా నాన్నకు రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. స్కూలు ఫైనలు అయ్యాక నేను కూడా ఆ కొట్టులోనే కూర్చున్నాను. రేడియో వస్తే వెంటనే స్క్రూడ్రైవరు పట్టుకోవడం నాకు అలవాటు. నాన్న నా చేతిమీద ఒకటి వేసేవాడు.

“ముందు ఇనవే. ఆ గరగర ఏ మూల నుంచి వస్తందో ఐదు నిమిషాలు ఇను. మూత ఎక్కడికీ పారిపోదు.”

ఆ ఐదు నిమిషాలు నాకు ఎంతో విసుగ్గా ఉండేవి. తర్వాత చేసిన పనిలో నాకు పనికొచ్చిన చదువు మాత్రం అదే.

1966లో బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు తన టేపు రికార్డరు మాకు వదిలి వెళ్లాడు. కరెంటు మీద నడిచేది. తూస్తే పద్నాలుగు కిలోలు. మరుసటి ఏడు బ్యాటరీల మీద నడిచే చిన్న మిషను ఒకటి దొరికింది. దాన్ని భుజానికి తగిలించుకుని పల్లెలకు వెళ్లవచ్చు. పాటలు సేకరించే లెక్చరర్లు, చర్చిల వాళ్లు, నాటకాల వాళ్లు, పెళ్లిళ్ల వాళ్లు పిలిస్తే వెళ్లేదాన్ని. ఉద్యోగం కాదు, హోదా లేదు. “టేపమ్మాయి వచ్చింది” అనేవారు. నాకు ఆ పేరు నచ్చేది.

బయట రికార్డు చేసేటప్పుడు కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు ఊరందర్నీ నోరు మూసుకోమనడం. మీరలా అంటే పాడేవాళ్లు కూడా బిగుసుకుపోతారు. కుక్క మొరిగితే మొరగనివ్వండి. మైకు దగ్గరగా పెట్టండి, మీరు దూరంగా జరగండి. అంతకుమించి కిటుకు లేదు.

బూజు

పాత టేపులు బాగుచేయడం నాకు శ్రీకాకుళంలో ఒక బాప్టిస్టు చర్చి పాదిరిగారి వల్ల అబ్బింది. తమ పాత గాయక బృందం పాడిన రీలు ఒకటి ఆయన పెట్టె అడుగున ఉంచారు. సముద్రపు గాలికి దాని నిండా బూజు పట్టింది. మిషను మీద పెడదామన్నారు. వద్దన్నాను. బూజు ఒక్కసారి మిషనులోకి పోతే టేపు, మిషను రెండూ పాడవుతాయి.

పొందూరు గుడ్డ ముక్కలు తెప్పించాను. మామూలు గుడ్డ నూగు వదులుతుంది. పొందూరులో పత్తిని చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు కాబట్టి కాబోలు, ఆ గుడ్డ పోగు వదలదు. పన్నెండు వందల అడుగుల టేపును వేళ్ల మధ్య ఆ గుడ్డలోంచి లాగుతూ తుడిచాను. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. పాదిరిగారు పక్కనే కూర్చుని, పాట వచ్చాక ఒక్కొక్క గొంతునూ పేరుపెట్టి చెప్పారు. అప్పటి నుంచి ఆయన మిషను నాకు ఎప్పుడు కావాలన్నా ఇచ్చేవారు.

ఆ పని బాగా వచ్చినందుకు నాకు కొంచెం గర్వం పెరిగింది. టేపు మీద ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నాకు తెలుసనుకున్నాను.

నూకమ్మ భర్త పేరు

1967 నవంబరు 19, ఆదివారం. జాలరి ఆడవాళ్ల పాటలు సేకరిస్తున్న ఒక కాలేజీ లెక్చరరుగారితో కళింగపట్నం వెళ్లాను. ఇసుకలో చేపలు ఎండబెట్టి ఉన్నాయి. నూకమ్మ అనే ఆమె బాగా పాడుతుందని చెప్పారు. పాతికేళ్లుంటాయి. చంకలో మూడున్నరేళ్ల కూతురు గౌరమ్మ. ఒక చేత్తో చేపలు తిరగేస్తూనే మాతో మాట్లాడింది.

ప్రతి రీలు మొదట్లో పాడేవాళ్ల పేరు, ఊరు, భర్త పేరో తండ్రి పేరో వాళ్ల నోటనే చెప్పించడం నా నియమం. డబ్బా మీద అంటించిన చీటీ ఊడిపోవచ్చు, టేపులో ఉన్న మాట ఊడిపోదు. ఆ నియమం మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను.

“నీ పేరు సెప్పమ్మా.”

“నూకమ్మండి.”

“ఊరు?”

“ఇదేనండి, కళింగపట్నం.”

“భర్త పేరు?”

నూకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు.

“ఆ పేరు నాను సెప్పకూడదండి.”

“సెప్పీయే! పెట్టెలో దాసుకుందుగాని నీ మొగుణ్ని!” అంది పక్కింటి పైడమ్మ.

టేపు తిరిగిపోతోంది. సెకనుకు ఏడున్నర అంగుళాలు. నేను లోపల అడుగులు లెక్కపెట్టుకుంటూ చిరాకు పడుతున్నాను. అంతలో కొంచెం దూరంలో వల బాగుచేసుకుంటున్న మనిషి లేచి వచ్చాడు. భారీ మనిషి, ముప్పై దాటి ఉంటాయి. మైకు ముందు వంగి గొంతు సవరించుకున్నాడు.

“పోలయ్యండి. నానేనండి దీని మొగుణ్ని. ఇది సెప్పదు గానీ మీరు రాసీసుకోండి.”

మళ్లీ వెళ్లి వల ముందు కూర్చున్నాడు. నేను మిషను ఆపి, సర్దుకుని, మళ్లీ మొదలుపెట్టాను. నూకమ్మ పదకొండు నిమిషాలు పాడింది. చాలా బాగా పాడింది.

ముక్క నంబరు పదిహేడు

లెక్చరరుగారు మంచివారు, కానీ తొందర మనిషి. రీలు వినిపిస్తే మొదట్లోనే చెయ్యి ఊపారు.

“పాట చాలమ్మా. ఈ పేర్లూ నవ్వులూ ఎందుకు? కోసెయ్.”

ఆయన చెప్పినందుకు కోశాను అని రాస్తే అబద్ధమవుతుంది. నాకూ కోయాలనే ఉంది. బ్లేడుతో కోసి, రెండు కొసలు అతికించి, ఆయన రీలు ఆయనకిచ్చాను.

రీలు మొదట్లో కొన్ని అడుగులు ఖాళీ టేపు ఉండాలి. మిషనుకు ఎక్కించేటప్పుడు చేతులు తగిలి నలిగేది ఆ భాగమే. దానికని విడిగా తెల్లని ప్లాస్టిక్ నాడా ఉంటుంది. మా విజయనగరానికి అది వచ్చేది కాదు. అందుకని కోసిన ముక్కల్నే నంబర్లు వేసి దాచుకుని, కొత్త రీళ్ల ముందు అతికించేదాన్ని. అతుకు దగ్గర ఎర్ర గీత గీసి, “ఈ గీత దాటాక మొదలుపెట్టండి” అని డబ్బా మీద రాసేదాన్ని. కళింగపట్నం పేర్ల ముక్క పదిహేడోది. 1968 ఫిబ్రవరిలో పాతపట్నంలో ఒక రైసుమిల్లు వారింటి పెళ్లి రీలుకు ముందు అతికించాను. పుస్తకంలో రాశాను. మరిచిపోయాను.

1969 ఫిబ్రవరిలో తప్పెటగుళ్ల వాళ్ల ఆటపాటలు రికార్డు చేయడానికి మళ్లీ కళింగపట్నం వెళ్లాను. నూకమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నుదుట బొట్టు లేదు.

“ఏటయిందమ్మా?”

“ఏటి ముఖం కాడ పడవ బోల్తా కొట్టీసిందండి. ఎనిమిది నెల్లయిపోనాది.” ఆ వెంటనే తను వచ్చిన పని చెప్పింది. “మీ పెట్టెలో ఆయన మాటాడినాడు కదండి. అయ్య గొంతు ఎలాగుంటాదని ఈ గుంట అడగతన్నాది. దానికి మరుపొచ్చీస్తన్నాది. నా సెవుల్లో ఉన్నాది గానీ, దాన్ని తీసి దీనికెలాగ ఇనిపించగల్నండి?”

“ఉంటాది నూకమ్మా. తెచ్చి వినిపిస్తాను” అన్నాను.

పుస్తకం చూడకుండా మాటిచ్చిన సందర్భాలు నా జీవితంలో తక్కువ. అది ఒకటి. పోలయ్య మాట కోసి పక్కన పడేసింది నా చేతులేనని తిరుగు బస్సులో గుర్తొచ్చింది.

పాతపట్నంలో కుర్రోడు

పదిహేడో ముక్క ఎక్కడికి పోయిందో పుస్తకంలో చూసుకుని, మార్చిలో నౌపడా దాకా వెళ్లి, అక్కడ చిన్న రైలెక్కి పాతపట్నంలో దిగాను. ఆ రైలు నెమ్మదికి పేరుపడింది. నేను దారంతా ఒకటే లెక్క వేసుకున్నాను. ఏడాదిగా ఆ రీలు మిషనుకు ఎన్నిసార్లు ఎక్కి ఉంటుంది? ఎక్కించిన ప్రతిసారీ నలిగేది ముందున్న ముక్కే. పోలయ్య మాట ఆ ముక్కలోనే ఉంది.

రైసుమిల్లు యజమాని తల్లిగారు నన్ను గుర్తుపట్టి వాకిట్లోనే కూర్చోబెట్టారు. రీలు ముందు ఉన్న గొంతు కోసం వచ్చానని చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది.

“ఆ కుర్రోడా! టేపు పెట్టినప్పుడల్లా ముందు ఆడే వస్తాడు కదమ్మా. మా మనవరాలు మొగుడి పేరు సెప్పడానికి సిగ్గుపడితే, ఇంటిల్లిపాదీ ఆ కుర్రోడి మాటే అంటాం. ‘ఇది సెప్పదు గానీ మీరు రాసీసుకోండి!’”

“ఎర్ర గీత దాటాక పెట్టమన్నాను కదండీ?”

“దాటాక పెడితే ఆడు రాడు కదా!”

ఇంట్లో వాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ మనిషి చనిపోయాడని, భార్య అడిగిందని చెప్పాను.

“మా పెళ్లిలో ఇన్నాళ్లూ తిరుగుతన్నాడు. పోనాడని మాకేటి తెలుసు?” అని, కొడుకును పిలిచి రీలు తెమ్మన్నారు. “కోసుకోమ్మా. ఆ పిల్ల సొత్తు అది. తర్వాత మాకూ ఓ కాపీ ఇచ్చీయ్. ఆడు లేకపోతే పెళ్లి మొదలయినట్టుండదు.”

(మే నెలలో తీసుకెళ్లి ఇచ్చాను.)

ముక్క రెండు చోట్ల చిరిగి ఉంది, ఒకచోట మడతపడింది. పోలయ్య గొంతు సవరించుకున్న దగ్గర నుంచి చివరి మాట దాకా కొలిచాను. ముప్పై ఏడున్నర అంగుళాలు. చిరుగులు అతికించాను. మడత మీద కాగితం వేసి గోటి వెనకతో రుద్ది సాపు చేశాను. మాట ఎక్కడా పోలేదు. దేవుడికి కొబ్బరికాయ కొడదామన్నంత సంతోషం వేసింది.

“ఇది ఆయన కాదండి”

1969 ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం శ్రీకాకుళంలో మా పిన్ని ఇంటికి నూకమ్మను రమ్మన్నాను. అక్కడ కరెంటు ఉంది. నా పెద్ద మిషను తీసుకెళ్లాను. కాపీ తీయడానికి పాదిరిగారి మిషను అరువు తెచ్చాను. నూకమ్మ గౌరమ్మను, పైడమ్మను వెంటబెట్టుకుని మొదటి బస్సుకే వచ్చేసింది. అందరూ చాప మీద కూర్చున్నారు. టేపు వేశాను. సరిగ్గా ఐదు సెకన్లు.

నూకమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. మళ్లీ వేశాను.

“ఇది ఆయన కాదండి” అంది.

“ఆయనే. నా పుస్తకంలో రాసి ఉంది.”

“మాటలు ఆయనవే. గొంతు ఎవులో కుర్రోడిది.”

నాకు కోపం వచ్చింది, దాచను. పాతపట్నం దాకా పోయి తెచ్చింది నేను. బయల్దేరే ముందు టేపు మీద గీతలు పెట్టి, గడియారం చూసి మిషను వేగం కొలుచుకున్నాను, అణువంత తేడా లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి గొంతు ఆనవాలు చెదిరి ఉంటుందనుకున్నాను. ఆ మాటే కాస్త మెత్తగా చెప్పాను కూడా.

నూకమ్మ తల అడ్డంగా ఊపింది. “మీ పెట్టె సంగతి నాకు తెలీదమ్మా. ఆయనతో ఏడేళ్లు కాపరం సేసినాను.”

గౌరమ్మ విసుగుపుట్టి ఖాళీ రీలు దొర్లించుకుంటోంది. పైడమ్మ బస్సు వేళ అడిగింది. నూకమ్మ లేవబోయింది. ఆమె లేచి వెళ్లిపోతే ఇక ఆ గొంతు ఎవరికీ లేనట్టే. అప్పుడు నాకు పాతపట్నం ముసలావిడ అన్న ‘కుర్రోడు’ గుర్తొచ్చాడు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఆడవాళ్లు. ఆ టేపులో ఇద్దరికీ వినిపించింది కుర్రవాడే. నేను చూసిన మనిషి ముప్పై దాటిన భారీ మనిషి.

“కూర్చో నూకమ్మా” అని పుస్తకం తీశాను. 1967 నవంబరు 19 పేజీలో అడుగున నా చేతిరాతే ఉంది: “పేర్లు, పాత బ్యాటరీలతో. పాట, కొత్త బ్యాటరీలతో.”

అది నా పొదుపు. బ్యాటరీలు దొరకడం కష్టంగా ఉండేది. అందుకని పేర్లు చెప్పించేటప్పుడు అరిగిపోయినవి వాడి, పాట మొదలయ్యే ముందు కొత్తవి వేసేదాన్ని. బ్యాటరీలు నీరసిస్తే మిషను నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా పట్టిన టేపును సరైన వేగంతో వినిపిస్తే మాట గబగబా నడుస్తుంది, గొంతు సన్నబడుతుంది. ముప్పై ఏళ్ల మనిషి పదహారేళ్లవాడవుతాడు. రేడియో కొట్టులో పెరిగినదాన్ని, ఇది నాకు తెలియని సంగతి కాదు. పేర్లకు మంచి బ్యాటరీలు దండగ అనుకున్నాను, అంతే. ఆ లెక్క తప్పు.

మిషను మూత తీశాను. లోపల తిరిగే బరువైన చక్రం ఉంటుంది. దాని అంచుకు గుడ్డ చుట్టిన వేలు మెల్లగా ఆనించి టేపు వేశాను. గొంతు కాస్త దిగింది.

“ఇంకా” అంది నూకమ్మ.

ఇంకొంచెం నొక్కాను.

“అబ్బే! ఇప్పుడు ముసిలోడైపోనాడు.” పైడమ్మ పకపకా నవ్వింది. నూకమ్మ కూడా నవ్వింది, ఆ రోజు మొదటిసారి. “కొంచెం ఒదలండి. ఇసుమంత.”

వదిలాను. నూకమ్మ ఒక్కసారిగా నా రెండో చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.

“అలాగే ఉంచండి. ఈయనే.”

గడియారం చూశాను. ఐదు సెకన్లు ఆరు సెకన్లయింది.

ఆ ఆరు సెకన్లూ వేలు ఒకే బరువుతో ఉంచాలి. బరువు మారితే గొంతు వణుకుతుంది. పంతొమ్మిదిసార్లు కాపీ తీశాను. నూకమ్మ పంతొమ్మిదీ విని పద్నాలుగోది కావాలంది. నాకు పద్దెనిమిదోది నచ్చింది. వాదించలేదు. అప్పటికి బుద్ధి వచ్చింది.

గౌరమ్మ ఆట మాని వచ్చి మిషను మీద చెవి ఆనించింది.

“అమ్మా, లోపలున్నాడేటి?”

“లేడమ్మా. మాటొక్కటే ఉన్నాది.”

“మళ్లీ ఎయ్యమను.”

కళింగపట్నంలో వాళ్లకు అందుబాటులో ఏ మిషనూ లేదు. కాబట్టి బస్సు వేళ దాకా వేస్తూనే ఉన్నాను. ముప్పై ఒక్కసార్లు. రీలు నూకమ్మ కొంగులో కట్టుకుంది. ఏం చేసుకుంటావని నేను అడగలేదు.

పిల్లలకు

నేను చెప్పగలిగినవి ఇవి. మంచి బ్యాటరీలు మొదటి మాట నుంచే వాడండి. ముందూ వెనకా ఉన్న మాటలు, నవ్వులు, దగ్గులు కోయకండి. ఎవరైనా కోయమంటే కాపీ తీసి ఆ కాపీని కోయండి. మీ కొలతలు సరిచూసుకోండి, నేను ఇప్పటికీ చూసుకుంటాను. కానీ ఆ గొంతుతో కాపరం చేసిన మనిషి కాదంటే, ముందు మీ పుస్తకం తిరగేయండి. ఆ మనిషిని అనుమానించకండి. నేను అనుమానించాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆ ఏడాది జూలైలో ఆ దారిన వెళ్తూ కళింగపట్నంలో దిగాను, టేపు వినిపిద్దామని. నూకమ్మ చేపల గంప దించి, గౌరమ్మ చెయ్యి పట్టుకుని ఎదురొచ్చింది.

“మొన్న దీన్ని బడిలో ఏసినానమ్మా. తండ్రి పేరేటని పంతులుగారు అడిగినారు. నానేటి సెప్పగల్ను? పైడమ్మ కేసి సూసినాను. అది నోరు తెరిసేలోగా, ఈ గుంట ముందుకెళ్లి నిలబడి గొంతు సవరించుకున్నాది. సవరించుకుని, అలాగే మొత్తం సెప్పీసింది. ‘దీని మొగుణ్ని’ అన్నది కూడా!” నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పంతులుగారు కలం కింద పెట్టీసి నవ్వినారు.”

“తర్వాత రాసుకున్నారా?”

“రాసుకున్నారు.” కొంగు తీసి కళ్లు తుడుచుకుంది. “నాకు మట్టుకు, దీన్ని ఆయనే వొచ్చి బడిలో ఏసినట్టున్నాదమ్మా.”